పాత అంబాసిడర్ క్రాంక్‌కి ఏ సైజు బేరింగ్ వెయ్యాలి? షెల్స్ ముందా, గ్రైండింగ్ ముందా?

చింతలపూడి షెడ్డు నుంచి. ఇవాళ బల్ల మీద ఉన్నది అంబాసిడర్ క్రాంక్‌షాఫ్ట్. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌ది. కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురా తమ్ముడూ, ఈ గీతలు కనపడాలి. ఆఁ, అలాగ.

ఈ మధ్య చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఇంట్లో పాత కారు ఉంది, ఇంజన్ దించాం, బేరింగులు ఏ సైజు వెయ్యమంటారు?" అని. ఫోన్‌లో అడిగితే నేను చెప్పలేనండి. నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. కొలవకుండా "ట్వంటీ వేసెయ్" అని చెప్పిన మెకానిక్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఎలా కొలవాలో, కొలిచిన అంకెతో ఏం చెయ్యాలో చెప్తాను. కొంచెం లెక్కలుంటాయి, కూడికలూ తీసివేతలే, భయపడక్కర్లేదు.

ముందు ఈ ఇంజన్ గురించి రెండు ముక్కలు. అంబాసిడర్ అంటే ఇంగ్లండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. దాన్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 దాకా చేశారు. ఈ 1489 సీసీ ఇంజన్‌ని బీఎంసీ బి-సిరీస్ అంటారు. అప్పట్లో ఎంజీ స్పోర్ట్స్ కార్లలో వేసిందీ ఈ కుటుంబం ఇంజనే. మనకి ఏలూరు, తాడేపల్లిగూడెం టాక్సీ స్టాండుల్లో ఏళ్ళ తరబడి తిరిగిన ఇంజన్ ఇది. అందుకే మీ ఇంట్లో ఉన్న బండి ఇంజన్ ఇంతకుముందు ఎన్నిసార్లు విప్పారో, ఎవరు విప్పారో మీకు తెలీదు. బుక్కులో ఉన్న స్టాండర్డ్ కొలత మీ క్రాంక్‌కి ఉంటుందని అనుకోవద్దు.

ఇదిగో చూడండి. ఈ మూడు చోట్ల క్రాంక్ బ్లాకులో కూర్చుంటుంది. వీటిని మెయిన్ జర్నల్స్ అంటాం. కొత్తలో వీటి వ్యాసం రెండు అంగుళాలు. ఈ నాలుగూ పిన్నులు. కనెక్టింగ్ రాడ్లు పట్టుకునేది వీటినే. ఇవి కొత్తలో సుమారు 1.876 అంగుళాలు. మెయిన్లయినా పిన్నులయినా, రాడ్డుకీ క్రాంక్‌కీ మధ్య, బ్లాకుకీ క్రాంక్‌కీ మధ్య ఈ అరచందమామ లాంటి షెల్స్ కూర్చుంటాయి. బాల్ బేరింగులు కావండీ ఇవి, తిరిగే గుండ్లేమీ ఉండవు. వట్టి రేకు ముక్కలు.

మన లెక్కంతా థౌలో. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.0254. మీ తల వెంట్రుక మందమే రెండు నుంచి నాలుగు థౌ ఉంటుంది. ఈ ఇంజన్‌కి మాన్యువల్ అడిగే క్లియరెన్స్ మెయిన్లకి అర థౌ నుంచి రెండు థౌ లోపు. పిన్నులకి ఇంకా తక్కువ, గరిష్ఠంగా 1.6 థౌ. అంటే ఆ సందులో వెంట్రుక కూడా దూరదు.

మరి అంత చిన్న సందులో ఇనుముకి ఇనుము తగలకుండా ఎలా తిరుగుతుంది? ఇది అర్థమైతే మిగతాదంతా వచ్చేస్తుంది. వానలో స్పీడుగా పోయే బండి టైరు రోడ్డు వదిలేసి నీటి మీద తేలడం చూశారా? టైరు తన ముందున్న నీటిని తన కిందికే తోసుకుంటుంది, ఆ నీరే టైరుని లేపుతుంది. రోడ్డు మీద అది ప్రమాదం. ఇంజన్‌లో మాత్రం మనకి కావలసింది అదే. తిరిగే క్రాంక్ ఆయిల్‌ని సన్నటి సందులోకి లాక్కుని, దాని మీద తేలుతుంది. ఇంగ్లండ్‌లో బీచాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, బేరింగ్ పైన ఒక రంధ్రం పెట్టాడు. ఆయిల్ బయటికొస్తోందని దానికి బిరడా కొడితే, లోపలి ఆయిల్ ఆ బిరడాని బయటికి తోసేసింది. ఇది 1883 నాటి మాట. మూడేళ్ళకి ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు. ఇప్పటికీ ఇంజన్ బేరింగులన్నీ ఆ లెక్క మీదే తయారవుతున్నాయి.

కాబట్టి పిస్టన్ దెబ్బని మోసేది ఆయిల్ పంపు ప్రెషర్ కాదు. పంపు పని సందు దాకా ఆయిల్ అందించడం వరకే. మోసే ప్రెషర్ ఆ సందులోనే పుడుతుంది. సందు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా అంతే.

సందు ఎక్కువైతే ఏమవుద్ది? ఆయిల్ పక్కలనుంచి కారిపోద్ది. ఎంత కారుద్దో తెలుసా? ఇక్కడ చాలామంది పొరపడతారు. సందు రెట్టింపైతే కారేది రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు. అందుకే ఒకటిన్నర థౌ ఉండాల్సిన చోట మూడు థౌ అయితే, వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మిణుక్కుమంటుంది. ఆ తర్వాత కింద నుంచి టక టక శబ్దం. మన వాళ్ళు దానికి చిక్కటి ఆయిల్ పోస్తారు. లైటు ఆరిపోద్ది. అరుగుదల మాత్రం ఆగదు.

తక్కువైతే? ఆ సందులో ఆయిల్ రెండు పనులు చేస్తుంది. తేలుస్తుంది, వేడిని మోసుకుపోతుంది. బిగువైన సందులోంచి ఆయిల్ సరిగ్గా పారదు, వేడి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పల్చబడుతుంది, పొర చిరుగుతుంది, షెల్ మీది లోహం కరిగి క్రాంక్‌కి అంటుకుంటుంది. మన మే నెల ఎండలో, నలభై నాలుగు డిగ్రీల్లో ఘాటెక్కేటప్పుడు ఇలాంటి ఇంజన్ మీకు టైమివ్వదు. వదులు ఇంజన్ అరిచి చెప్తుంది, బిగువు ఇంజన్ చెప్పకుండా పట్టేస్తుంది. రెండిట్లో ఏది మేలని అడిగితే, అర థౌ వదులే మేలంటాను నేను. అర థౌ మాత్రమే సుమా.

వర్క్‌షాపుల్లో ఒక మోటు లెక్క ఉంది. షాఫ్టు వ్యాసం ఎన్ని అంగుళాలో అన్ని థౌల సందు. రెండు అంగుళాల మెయిన్‌కి రెండు థౌ. ఈ ఇంజన్ మాన్యువల్‌తో పోలిస్తే అది పై అంచు. నేనైతే మెయిన్లకి ఒకటిన్నర నుంచి రెండు లోపు, పిన్నులకి 1.2 నుంచి 1.5 లోపు పెట్టుకుంటాను. మాన్యువల్ పిన్నులకి థౌలో పదో వంతు దాకా కూడా ఒప్పుకుంటుంది గానీ, మన ఎండలకి నాకు ఆ ధైర్యం లేదండి.

ఇప్పుడు ఈ క్రాంక్ కథ. లింగపాలెం వైపు నుంచి ఒక తమ్ముడు తెచ్చాడు. వాళ్ళ తాతగారు ఈ కారుతో ఏలూరు కిరాయిలు తిప్పి ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారంట. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. ఆ బండెక్కి ఒక్కసారి ద్వారకా తిరుమల వెళ్ళి రావాలని ఆయన కోరిక. తమ్ముడు నా దగ్గరికి రాకముందే ఒక విడిభాగాల షాపులో అడిగాడు. ఆ షాపాయన, "ట్వంటీ, థర్టీ దొరకవు, ఫార్టీ సెట్టు ఒకటుంది, క్రాంక్ ఫార్టీకి గ్రైండింగ్ చేయించుకో, గొడవ వదిలిపోద్ది" అన్నాడంట.

దీంట్లో ఏముందో చూడండి. టెన్, ట్వంటీ, థర్టీ, ఫార్టీ అనే సైజులు ఎన్ని థౌలు తగ్గాయో చెప్తాయి. ట్వంటీ అంటే క్రాంక్‌ని కొత్త కొలత కంటే 20 థౌ సన్నం చేశారని, షెల్ గోడ ఆ మేరకి మందం పెంచారని. ఈ ఇంజన్‌కి ఫార్టీతో ఆఖరు. దాని తర్వాత షెల్స్ లేవు. అరిగిపోతే క్రాంక్ తూకానికే. కొత్త క్రాంక్ తయారుచేసే ఫ్యాక్టరీ మూసేసి పదేళ్ళు దాటింది. ఒక్కసారి ఒరిసిన లోహం మళ్ళీ రాదు. షాపులో ఏ డబ్బా మిగిలిందో చూసి క్రాంక్‌ని కోసేస్తే, ఆ బండికి మిగిలిన రెండు జన్మల్లో ఒకటి ఊరికే పోయినట్టే.

మేమేం చేశామంటే, ముందు కొలిచాం. ప్రతి పిన్నునీ రెండు దిక్కుల్లో, రెండు చివర్లా కొలవాలి. పైనుంచి కిందకి ఒకటి, అడ్డంగా ఒకటి. పిస్టన్ దెబ్బ ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి పిన్ను గుడ్డు ఆకారంలో అరుగుతుంది. అన్నిట్లోకీ ఎక్కువ అరిగిన పిన్ను ఒక వైపు 1.8551, ఇంకో వైపు 1.8543 వచ్చింది. అంటే గుడ్డు 0.8 థౌ. పాత షెల్ వెనక ట్వంటీ అని కొట్టి ఉంది. ఒక పరిచయస్తుల దగ్గర ట్వంటీ షెల్స్ జత తెచ్చి, రాడ్డులో పెట్టి, పూర్తి టార్క్‌కి బిగించి లోపలి కొలత తీస్తే 1.8575. తీసివెయ్యండి. ఒక వైపు 2.4 థౌ, ఇంకో వైపు 3.2 థౌ సందు. గరిష్ఠం 1.6 కదా. కాబట్టి పిన్నులు గ్రైండింగ్‌కి పోవాల్సిందే, తప్పదు.

మెయిన్లు కొలిస్తే మాత్రం మూడూ గుండ్రంగానే ఉన్నాయి, కొత్త ట్వంటీ షెల్స్‌తో 1.8 థౌ. వాటిని ముట్టుకోలేదు. సన్న పాలిష్ చేశాం, అంతే. ఇది గుర్తుపెట్టుకోండి: నాలుగు పిన్నులూ ఒకే సైజులో ఉండాలి, మెయిన్లన్నీ ఒకే సైజులో ఉండాలి. పిన్నులూ మెయిన్లూ మాత్రం ఒకే సైజు ఉండాలన్న రూలేమీ లేదు. "పనిలో పని మెయిన్లు కూడా కొట్టేద్దాం" అంటే వద్దని చెప్పండి.

పిన్నులకి థర్టీ షెల్స్ కోసం మూడు వారాలు ఆగాం. కలకత్తా నుంచి తెప్పించాం. అంబాసిడర్ విడిభాగాలకి ఇంకా అదే దిక్కు. ఆ మూడు వారాలూ తమ్ముడు రోజూ ఫోనే. షెల్స్ వచ్చాక వాటిని రాడ్లలో పెట్టి బిగించి కొలిస్తే 1.8477. నాకు కావలసిన సందు 1.3 థౌ. తీసేస్తే 1.8464. ఆ అంకె కాగితం మీద రాసి గ్రైండింగ్ ఆయనకిచ్చాం. "థర్టీకి కొట్టండి" అని నోటిమాటగా చెప్పలేదు. షెల్స్ ముందు, కొలత తర్వాత, గ్రైండింగ్ ఆఖర్న. ఎందుకంటే సందు డబ్బాలో రాదండి. రాడ్డు కన్నం, షెల్ మందం, పిన్ను, ఈ మూడూ కలిస్తేనే సందు. మూడిట్లో రెండు తెలియకుండా మూడోదాన్ని కోస్తే అది లాటరీ.

కొలతలో ఇంకో మెలిక, మన ఊళ్ళకి బాగా పనికొచ్చేది. క్రాంక్‌ని ఎండలో పెట్టి, మైక్రోమీటర్ని లోపల గదిలోంచి తెచ్చి కొలవకండి. రెండింటి మధ్య 25 డిగ్రీల తేడా ఉంటే, రెండు అంగుళాల ఉక్కు అర థౌ పైనే పెద్దదిగా కనపడుతుంది. మనం వెతికేదే ఒకటిన్నర థౌ, అందులో మూడో వంతు ఎండకే పోయింది. రాత్రంతా క్రాంక్, రాడ్లు, మైక్రోమీటర్ ఒకే గదిలో ఉంచి, పొద్దున్నే ఎండెక్కకముందు కొలవండి. మైక్రోమీటర్ లేనివాళ్ళకి ప్లాస్టిగేజ్ అని సన్నటి మైనం దారం లాంటిది దొరుకుతుంది. పిన్ను మీద పెట్టి, క్యాప్ బిగించి, విప్పి, ఎంత వెడల్పుగా నలిగిందో కవరు మీది గీతలతో పోల్చాలి. బిగించాక క్రాంక్‌ని తిప్పకూడదు, తిప్పితే దారం పులుముకుపోద్ది. చివరి చెకింగ్‌కి అది బాగుంటుంది. గ్రైండింగ్ కొలత మాత్రం దాంతో ఇవ్వకండి. అది గుడ్డు ఆకారాన్ని పట్టదు.

క్యాపులకి ఆకురాయి పెట్టే సంగతి. ఇది చెప్తే పెద్ద మెకానిక్కులకి కోపమొస్తుంది గానీ చెప్పాలి. సందు ఎక్కువైతే క్యాప్ అంచుని కాస్త ఆకురాయితో రాసి బిగించేయడం, లేదంటే షెల్ వెనక కాగితమో సిగరెట్ పెట్టె రేకో పెట్టడం, ఇది మన దగ్గర ఉన్నదే. వాళ్ళకి తెలియక చేసింది కాదది. పాత తరం ఇంజన్లలో తెల్ల లోహాన్ని రాడ్డులోనే పోత పోసేవారు, క్యాపుకీ రాడ్డుకీ మధ్య పల్చటి షిమ్ములు ఉండేవి. అరిగితే ఒక షిమ్ము తీసి బిగించేవారు. ఆ ఇంజన్‌కి అది సరైన పద్ధతే. మన తాతల కాలం చేతివాటం అక్కణ్ణుంచి వచ్చింది. ఈ షెల్ ఇంజన్‌కి అది పనికిరాదు. షెల్ రెండు ముక్కలూ సరిగ్గా అర్ధచక్రం కావు, వెంట్రుకంత ఎక్కువ పొడవుంటాయి. క్యాప్ బిగిస్తే ఆ ఎక్కువ భాగం నొక్కుకుని షెల్ రాడ్డుకి గట్టిగా అతుక్కుంటుంది. షెల్‌ని పట్టి ఉంచేది ఆ నొక్కుడే. ఈ చిన్న నాలుక ఉంది చూశారా, ఇది సరైన చోట కూర్చోబెట్టడానికే గానీ ఆపడానికి కాదు. క్యాప్ రాస్తే కన్నం గుండ్రం పోతుంది. వెనక కాగితం పెడితే వేడి రాడ్డులోకి దిగదు. కొన్నాళ్ళకి షెల్ తిరిగి, ఆయిల్ కన్నం మూసుకుని, రాడ్డు బ్లాకుని బద్దలుకొట్టి బయటికి వస్తుంది. కొల్లేరు చెరువుల దగ్గర పంపు ఇంజన్లు చేసే తమ్ముళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీ ఇంజన్ షెల్ రకమో షిమ్ము రకమో ముందు చూసుకోండి. చేతివాటం దాన్నిబట్టి ఉండాలి.

గ్రైండింగ్ షాపులో అంకె ఒక్కటే చూసి వచ్చెయ్యకండి. మేము విజయవాడ ఆటోనగర్‌లో చేయించాం. మీకు దగ్గరలో మంచి మెషీను, దానికంటే ముఖ్యంగా ఓపికున్న మనిషి ఎక్కడుంటే అక్కడ చేయించండి. క్రాంక్ తిరిగొచ్చాక జర్నల్ చివర్న ఈ మూల చూడండి. ఇక్కడ గుండ్రటి వంపు ఉండాలి. చక్రం అంచు పదునుగా ఉండి ఈ మూలని నిలువుగా కోసేస్తే, సన్నటి పగులు అక్కడే మొదలై ఎప్పుడో ఒకరోజు క్రాంక్ రెండు ముక్కలవుతుంది. అలాంటప్పుడు తప్పు బేరింగ్ మీద పడుద్ది. తర్వాత ఆయిల్ కన్నాల అంచులు వేలితో తడమండి, గోరుకి గీసుకోకూడదు. కన్నాల లోపల గ్రైండింగ్ పొడి ఉంటుంది. కిరోసిన్, సన్న బ్రష్, గాలి, మళ్ళీ కిరోసిన్. తెల్ల గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా. కొత్త షెల్స్‌ని మొదటి గంటలోనే తినేసేది ఈ పొడే.

ఏ లోహం షెల్ వెయ్యాలి అని కూడా అడిగారు. తెల్ల లోహం మెత్తన. అంటే తగరం, సీసం లాంటి మెత్తటి లోహాల మిశ్రమం. చిన్న నలకొచ్చినా తనలోకి దింపేసుకుని క్రాంక్‌ని కాపాడుతుంది. కాకపోతే పెద్ద దెబ్బలకి పగిలిపోద్ది. రాగి-సీసం షెల్ మీద సన్నటి మెత్తని పూత ఉన్నవి ఎక్కువ బరువు మోస్తాయి. పూత పోతే మాత్రం గట్టి లోహం పాత క్రాంక్‌ని గీస్తుంది. అల్యూమినియం-తగరం రకం ఈ రెండిటికీ మధ్యలో. తాతగారి బండి రేసులకి వెళ్ళదు, లోడు లాగదు. మెత్తటి రకం చాలు. ఖరీదైనది మంచిదని రేసింగ్ షెల్స్ వెతకొద్దు. క్రాంక్‌ది పోతే దొరకదు, షెల్‌ది పోతే దొరుకుతుంది. పోనిచ్చేది ఏదో మీరే ఎంచుకోండి. పద్మిని వాళ్ళకి ఒక మాట: మీ షెల్ వెనక 0.254 అని ఉంటే గాభరాపడకండి. అది మిల్లీమీటర్లలో రాసిన టెన్ థౌనే.

మధ్య మెయిన్ దగ్గర అరచంద్రాకారం వాషర్లుంటాయి. క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేవి అవే. అక్కడ ఆట రెండు నుంచి మూడు థౌ ఉండాలి. ఇవి ఎక్కువ అరిగేది ఎక్కడో తెలుసా? రైలు గేటు దగ్గర. గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని గేటు లేచేదాకా కూర్చుంటాం చూడండి, ఆ సేపంతా క్లచ్ స్ప్రింగుల బలం ఈ వాషర్ల మీదే. న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యండి.

బిగించేటప్పుడు మెయిన్లకి 70 పౌండ్-అడుగులు, రాడ్లకి 35. మాన్యువల్ అంకెలివి, చేతి అంచనా వద్దు. ఒక్కో క్యాప్ బిగించాక క్రాంక్‌ని చేత్తో తిప్పి చూడండి. మూడోది బిగించాక పట్టేస్తే తప్పు ఆ మూడోదాంట్లోనే ఉంది, అప్పుడే విప్పి చూడాలి. అన్నీ బిగించేశాక వెతికితే తెల్లారిపోద్ది. షెల్స్‌కి ఆయిల్ పూసి పెట్టండి. స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసేసి, మీటర్‌లో ప్రెషర్ కనపడేదాకా స్టార్టర్‌తో తిప్పండి. ఆయిల్ మామూలు 20డబ్ల్యు-50 చాలు. ఈ ఇంజన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో 15 పీఎస్ఐ, నడుస్తుంటే 50 దగ్గర ఉండాలి. మనది మొన్న సాయంత్రం 18, 52 చూపించింది. మొదటి 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలి. తీసిన ఆయిల్‌ని ఎండలో తెల్ల పళ్ళెంలో పోసి చూడండి. సన్నటి మెరుపు కొంచెం ఉంటే మామూలే. పొలుసుల్లా తేలితే బండి తియ్యొద్దు, చాంబర్ విప్పాల్సిందే.

ఆయిల్ పంపు సంగతి ఇవాళ ముట్టుకోలేదు, దానికి వచ్చే ఎపిసోడ్ పెట్టుకుందాం. ఉంటానండి.